బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) చేశాక యూకేకి నేరుగా వెళ్లాలా, అక్కడ మళ్లీ మాస్టర్స్ చేయాలా?

పాలకొల్లు_పిల్ల:
అందరికీ నమస్కారమండి. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో బీఓటీ చేశాను, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు. రెండేళ్లుగా భీమవరంలో పిల్లల థెరపీ సెంటర్‌లో పని చేస్తున్నాను. మా వీధిలో అందరికీ నేను ‘ఫిజియో అమ్మాయి’నే. ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) అంటే స్నానం, బట్టలు, వంటలాంటి రోజువారీ పనులు ఎవరికివారు చేసుకునేలా చూసే థెరపీ అని చెప్పీ చెప్పీ వదిలేశాను.

యూకే వెళ్లాలని ఉంది. రాజమండ్రిలో ఒక కన్సల్టెన్సీ ఆయన్ని అడిగితే, “మీ డిగ్రీ అక్కడ చెల్లదమ్మా. ఏడాది మాస్టర్స్ చేశావంటే రిజిస్ట్రేషన్ దానంతట అదే వచ్చేస్తుంది” అన్నాడు. మొత్తం ముప్పై లక్షలట. నాన్న నాలుగెకరాల చెరువు లీజుకి చేస్తారు. ఈసారి వైట్‌స్పాట్ తెగులు వచ్చి రొయ్య మొత్తం పోయింది. మా సీనియర్ అక్కేమో ఆ డబ్బు దండగ, ఇక్కణ్ణుంచే అప్లై చెయ్యి అంటోంది. ఎవరి మాట వినమంటారు?

అమలాపురం_టు_లీడ్స్:
ముందు ఆ ‘దానంతట అదే’ సంగతి తేలుద్దాం చెల్లీ. ఇక్కడ ‘ఆక్యుపేషనల్ థెరపిస్ట్’ అనే పేరుకి చట్టం కాపలా ఉంది. హెచ్‌సీపీసీ (ఇక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ) రిజిస్టర్‌లో లేనివాళ్లు ఆ పేరు చెప్పుకుని పని చేయకూడదు. నీ సీనియర్ చెప్పింది నిజమే, మన డిగ్రీతో నేరుగా దరఖాస్తు పెట్టొచ్చు. నేను అలాగే వచ్చాను. చదివి రిజిస్టర్‌లో చేరాలంటే మాత్రం ఆ కోర్సుకి హెచ్‌సీపీసీ ఆమోదం ఉండాలి. దాన్ని ప్రీ-రిజిస్ట్రేషన్ కోర్సు అంటారు, ఎమ్మెస్సీ అయితే మామూలుగా రెండేళ్లు. ఏడాదిలో అయిపోయే ‘అడ్వాన్స్‌డ్’ మాస్టర్సో, పబ్లిక్ హెల్తో చేస్తే సర్టిఫికెట్ వస్తుంది కానీ రిజిస్ట్రేషన్ రాదు. మళ్లీ నాలాగా మన డిగ్రీతోనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆమోదం ఉన్న కోర్సుల జాబితా హెచ్‌సీపీసీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఆయన చెప్పిన కోర్సు పేరు కొట్టి చూడు, రెండు నిమిషాల పని.

నేరుగా రావడం కూడా తేలికేం కాదు. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివావు, క్లినికల్ పోస్టింగులు ఎక్కడెక్కడ, ఎన్ని వారాలు, అన్నీ కాలేజీ నుంచి రావాలి. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7, దేనిలోనూ 6.5కి తగ్గకూడదు. నాకు రైటింగ్‌లో 6 వచ్చి మళ్లీ రాశాను. తర్వాత ఇక్కడి ఓటీలే అసెసర్లుగా కూర్చుని నీ చదువుని వాళ్ల ప్రమాణాలతో పోల్చి చూస్తారు. చదువులో ఎక్కడైనా లోటు కనబడితే పని అనుభవం చూపించి పూడ్చుకోవచ్చు. అందుకే చేసిన పనిని రాయడం రావాలి.

నేను రాసింది ఒక దింపు కార్మికుడి కేసు. కొబ్బరి చెట్టు మీంచి పడి నడుం కింద స్పర్శ పోయింది. హాస్పిటల్లో వీల్‌చైర్ ఇచ్చి పంపేశారు. ఇంటికెళ్లి చూస్తే బాత్రూం తలుపు వెడల్పు రెండడుగులు కూడా లేదు, కుర్చీ పట్టదు. మంచం కుర్చీకి జానెడు కింద ఉంది. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టించాం, తలుపు తీయించి తెర కట్టించాం. కూర్చునే కాయ ఒలిచేలా గునపాన్ని పొట్టి చేయించాం. ఇదంతా, ఎందుకు చేశామో కారణాలతో సహా రాశాను. “ఎక్సర్‌సైజులు చేయించాను” అని రాసి ఊరుకుంటే అది ఫిజియో పనే అవుతుంది కదా.

నర్సాపురం_నీలవేణి:
అన్నయ్యగారూ, అంతా బాగానే చెప్పారు, ఉద్యోగం ఎన్నాళ్లకి దొరికిందో మాత్రం చెప్పలేదు. నేను రెండేళ్ల ప్రీ-రిజిస్ట్రేషన్ ఎమ్మెస్సీ చేశాను. నాది సైకాలజీ డిగ్రీ, నాకు వేరే దారి లేదు లెండి. అయినా ఆ చదువు దండగంటే ఒప్పుకోను. వెయ్యి గంటలు ప్లేస్‌మెంట్‌లో, అంటే శిక్షణలో భాగంగా అసలు పేషెంట్లతో, పని చేస్తాం. మొదటి వారం నాకు కిచెన్ అసెస్‌మెంట్ ఇచ్చారు. తుంటి ఆపరేషనైన పెద్దావిడ కెటిల్‌తో టీ పెట్టుకుంటుంటే పక్కన నిలబడి చూడాలి. ఆవిడ తడబడగానే నేను ఠక్కున కప్పు అందించేశాను. మనింట్లో అమ్మమ్మకైతే అదే చేస్తాం మరి! సూపర్‌వైజర్ ఆ తర్వాత మెల్లగా, “నువ్వు సాయం చేశావు, అసెస్ చేయలేదు” అంది. ఇలాంటివి భీమవరంలో కూర్చుని ఎలా నేర్చుకుంటాం? ఇంటర్వ్యూలో అడిగేవన్నీ ఇవే.

ఇంకో మాట. రిజిస్ట్రేషన్ రాకపోయినా కేర్ వర్కర్ వీసా మీద ఉండిపోవచ్చని ఎవరైనా అంటే నమ్మకు. ఆ ఉద్యోగాలకి విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం 2025 జూలై 22 నుంచి ఆపేశారు.

అమలాపురం_టు_లీడ్స్:
ఒప్పుకుంటున్నానండి నీలవేణిగారూ. రిజిస్ట్రేషన్ వచ్చాక ఏడు నెలలు పట్టింది. నలభైకి పైగా అప్లికేషన్లు, మూడు ఇంటర్వ్యూలు. కానీ ఆ ఏడు నెలలూ అమ్మ వండింది తింటూ, కాకినాడలో జీతం తీసుకుంటూ గడిపాను. మీరు ఆ రెండేళ్లూ ఫీజు కట్టారు. ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) కొత్త ఓటీలు చేరే బ్యాండ్ 5 మొదటి జీతం 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్లు, టాక్స్ పోను అద్దె కట్టి ఎంత మిగులుతుందో మీకు తెలుసు. ఇప్పటికే బీఓటీ ఉన్న పిల్లకి, చెరువు పోయిన ఇంట్లోంచి, ఆ అప్పు ఎందుకంటాను.

చెరువుగట్టు_మావయ్య:
యూకే ఏంటమ్మా, అమెరికా చూడు. మా బావమరిది కూతురు ఫిజియో చేసి టెక్సాస్‌లో సెటిలైంది. గ్రీన్‌కార్డు కూడా వచ్చేసింది.

అమలాపురం_టు_లీడ్స్:
మావయ్యగారూ, ఆ పాప ఫిజియో కాబట్టి ఆ దారి ఉందండి. అక్కడ ‘షెడ్యూల్ ఏ’ అని గ్రీన్‌కార్డుకి సంబంధించిన వృత్తుల జాబితా ఒకటుంది. అందులో నర్సులూ ఫిజియోలూ ఉన్నారు, వాళ్లకి లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అక్కడివాళ్లు దొరకలేదని యజమాని చూపించి తెచ్చుకునేది) అక్కర్లేదు. ఓటీలు అందులో లేరు. పైగా 2007 నుంచి అక్కడ ఓటీగా చేరాలంటే చదువే పీజీ స్థాయిది ఉండాలి. ఆ తర్వాత ఎన్‌బీసీఓటీ (అక్కడి ఓటీల సర్టిఫికేషన్ బోర్డు) పరీక్ష, ఆ పైన ఏ రాష్ట్రం లైసెన్స్ ఆ రాష్ట్రానిదే. మన బీఓటీకి అది ఇంకా ఎత్తు గోడ.

కాకినాడ_ఓటీ:
అందరూ వెళ్లే దారులే చెబుతున్నారు. ఇక్కడ నా సెంటర్‌కి ఆటిజం ఉన్న పిల్లల్ని యానాం నుంచీ తుని నుంచీ బస్సెక్కించుకుని తెస్తున్నారు. పక్క వీధిలో మూడు నెలల సర్టిఫికెట్ చేసినాయన బోర్డు మీద ‘ఓటీ’ అని రాసుకున్నాడు. తల్లిదండ్రులకి తేడా ఎలా తెలుస్తుంది? 2021లో అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం వచ్చింది, అందులో ఓటీని విడి వృత్తిగా చూపించారు, రాష్ట్ర కౌన్సిళ్లు పెట్టమన్నారు. బ్రిటన్‌లో పేరుకి కాపలా ఉందని మెచ్చుకునే మనం, ఇక్కడ ఆ కాపలా గట్టిపడే టైంకి పెట్టె సర్దుకుంటున్నాం. అమ్మాయిని తప్పు పట్టడం లేదు. నేనిచ్చే జీతం నాకు తెలుసు.

నర్సాపురం_నీలవేణి:
ఆ చివరి వాక్యంలోనే ఉంది కదండీ జవాబు.

పాలకొల్లు_పిల్ల:
కన్సల్టెన్సీకి ఫోన్ చేసి, ఆ మాస్టర్స్‌కి హెచ్‌సీపీసీ ఆమోదం ఉందా అని అడిగాను. “అవన్నీ అక్కడికెళ్లాక చూసుకోవచ్చమ్మా, ఈ నెలాఖరుకి సీట్లు అయిపోతాయి” అన్నాడు. వెబ్‌సైట్‌లో చూశాను, ఆ కోర్సు పేరు లేదు.

నీలవేణి అక్కా, మీరన్న కప్పు సంగతి మాత్రం గుచ్చుకుంది. నిన్న సెంటర్‌లో ఐదేళ్ల బాబు గుండీ పెట్టుకోలేకపోతుంటే వాళ్లమ్మ చెయ్యి చాచింది. వద్దని ఆపాను, కానీ రెండు నిమిషాలు కాకముందే నేనే పెట్టేశాను. ఐఈఎల్‌టీఎస్‌కి కట్టాను. రిజిస్ట్రేషన్ వచ్చినా ఉద్యోగం ఆలస్యం కావచ్చని నాన్నకి చెప్పాను. “పోన్లే, ముప్పై లక్షల అప్పయితే తప్పింది” అన్నారు. అన్నయ్యా, ఆ కోర్సు వివరాలు కాలేజీలో ఎవర్ని అడగాలి?

అమలాపురం_టు_లీడ్స్:
హెచ్‌ఓడీకి మెయిల్ పెట్టు, కాపీ ఆఫీసుకి పంపు. నీ బ్యాచ్ సిలబసే కావాలని ఏ సంవత్సరమో స్పష్టంగా రాయి. మా కాలేజీవాళ్లు కొత్త సిలబస్ పంపించేశారు, దాన్ని మార్పించుకోడానికి నాకు నెల పట్టింది.