సమస్యాపూరణం: “మద్యమునుఁ గ్రోలి దేవుఁడు మనుజుఁ జేసె”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం.

మద్యమునుఁ గ్రోలి దేవుఁడు మనుజుఁ జేసె

పాదం వినగానే అపచారంగా తోచవచ్చు గాని, నైజీరియా నైరుతి ప్రాంతంలోనూ పొరుగున ఉన్న బెనిన్, టోగో దేశాలలోనూ నివసించే యొరుబా ప్రజలకు ఇది వింత మాట కాదు. వారు తమ వేల్పులను ‘ఒరిషా’లంటారు. ఒరిషాలు నాలుగు వందల ఒక్కరని సంప్రదాయపు లెక్క. అందరికీ పైనున్న ఒలొదుమారేకు ప్రత్యేకంగా గుడి గాని పూజారి గాని లేరు. నియమం ఒక్కటే: పూరణ ఆ వేల్పులతోనే సాగాలి, ఏ వేల్పు పని ఏదో తెలిసి వ్రాయాలి. బ్రహ్మను తెచ్చి సమస్యను చక్కబెట్టడం సులువే కాని, ఈ వారానికి అది చెల్లదు.

గోస్తనీ తీరవాసి:

మట్టి ముద్దల మలచెడి మాన్య శిల్పి
దప్పిగొని తాటికల్లును ద్రావి సోలి
వంకరగ నొబాతాలుఁడు వసుధయందు
మద్యమునుఁ గ్రోలి దేవుఁడు మనుజుఁ జేసె

నిర్వాహకుడు:
కథను సరిగ్గా పట్టుకున్నారు. ఒబాతాలా మట్టితో మనుషుల దేహాలను మలిచే ఒరిషా, దప్పికకు కల్లు తాగి మత్తులో చేసిన బొమ్మలు అవకరాలతో పుట్టాయని ఐతిహ్యం. గణాలూ యతులూ కుదిరాయి. అయితే రెండవ పాదంలో ‘కల్లును ద్రావి’ అన్న తరువాత నాల్గవ పాదంలో మళ్లీ ‘మద్యమునుఁ గ్రోలి’ అని రావడంతో ఒకే పనిని దేవుడు రెండుసార్లు చేసినట్లయింది. సమస్యలో ఉన్న మాటను పూరణలో ముందే ఖర్చు పెట్టుకోకూడదు. రెండవ పాదాన్ని ఇలా మార్చి చూడండి:

దప్పిగొని నీడఁ గూర్చుండి తాళలేక

ఇంకొక మాట. అక్కడి కల్లు మన తాటిచెట్టుది కాదు. పామాయిల్ చెట్టు నుంచీ, దాని జాతికే చెందిన మరికొన్ని చెట్ల నుంచీ తీస్తారు. ఏలూరు జిల్లాలో నేడు తోటలు తోటలుగా పెరుగుతున్న ఆ పామాయిల్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికాయే. మనం నూనెకు పెంచుకున్నాం, వారు కల్లుకూ వాడుకున్నారు.

గోస్తనీ తీరవాసి:
సవరణను శిరసావహిస్తున్నాను. మా ఊరి తాళ్లు కళ్లముందు ఉండి చేయి అటు పోయింది.

కోనసీమ కోడలు:

తెల్ల వలువల వేలుపు తెలివి దప్పి
చేసినంతటఁ గనుఁగొని సిగ్గు పడెను
బిడ్డలెవ్వరు ముట్టరు పిదపఁ గల్లు
మద్యమునుఁ గ్రోలి దేవుఁడు మనుజుఁ జేసె

నిర్వాహకుడు:
అమ్మా, ఇది కథను దాటి ఆచారం దాకా వెళ్లిన పూరణ. ఒబాతాలాకు తెలుపు ప్రీతి, ఆయన భక్తులు తెల్లని వస్త్రాలు ధరిస్తారు, కల్లు ముట్టరు. అవకరంతో పుట్టినవారిని ఆయన సొంత మనుషులుగా భావించి గౌరవిస్తారు. తప్పు చేసిన దేవుడే ఆ తప్పు ఫలితాన్ని అక్కున చేర్చుకోవడం ఈ కథకు ప్రాణం. ‘సిగ్గు పడెను’ అన్న చిన్న మాటలో మీరు దానిని చెప్పగలిగారు. ‘చే–సి’ యతిమైత్రి కూడా చక్కగా ఉంది. లోపమల్లా అన్వయంలోనే: కారణం చివర వచ్చింది గాని, ‘ఏలయన’ వంటి మాట ఎక్కడా లేకపోవడంతో నాల్గవ పాదం విడిగా నిలబడింది.

లాగోస్ ప్రవాసి:
నిర్వాహకులవారి వ్యాఖ్యకు చిన్న చేర్పు. సమస్యలో ‘చేసె’ అని ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, ‘సృజించె’ అని ఉంటే తప్పయ్యేది. ఒబాతాలా చేసేది ఒళ్లు మాత్రమే, ఊపిరి పోసేది ఒలొదుమారే. ఇక నా పూరణ:

ఇనుము నోగును మనలకు నిచ్చె ముందు
పిడుగు షాంగోది యోయది పెద్దగాలి
నదికి నోషును తల్లి యా నరుని మాట?
మద్యమునుఁ గ్రోలి దేవుఁడు మనుజుఁ జేసె

కోనసీమ కోడలు:
మూడు పాదాలలో నలుగురు వేల్పులను కూర్చి, చివర ప్రశ్న వేసి సమస్యను జవాబుగా నిలిపిన తీరు బాగుంది. అయితే ‘నదికి నోషును తల్లి’ అంటే ఏ నదికి? నైజర్ నదిని యొరుబాలో ఓయా పేరుతోనే పిలుస్తారని చదివాను. అటువంటప్పుడు ఓయాకు గాలిని మాత్రమే ఇచ్చి, నదిని మొత్తంగా ఓషునుకు వ్రాసి ఇవ్వడం పంపకంలో అన్యాయం కాదా?

లాగోస్ ప్రవాసి:
న్యాయమైన ఆక్షేపణే. నా మనసులో ఉన్నది ఒషొగ్బో పట్టణం పక్కన పారే ఓషున్ నది. ఆ ఒడ్డున సుమారు 75 హెక్టార్ల పవిత్ర వనం ఉంది, దానిని 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆగస్టులో జరిగే ఉత్సవానికి సంతానం కోరుకునే స్త్రీలు వచ్చి ఆ నీటిని తీసుకువెళతారు, నా ‘తల్లి’ అన్న మాట అందుకే. ఇక యెమోజా అనే మరో ఒరిషాకు వేరే నది ఉంది, దాని పేరు కూడా ఓగునే. అయితే ఇనుప వేల్పు పేరునూ ఆ నది పేరునూ యొరుబావారు వేర్వేరు స్వరస్థాయిలలో పలుకుతారు గనుక వారికి తికమక లేదు. మన లిపిలో వ్రాస్తే రెండూ ఒకటైపోతాయి.

నిర్వాహకుడు:
ఇరువురూ చెప్పినది సబబే, పద్యం మాత్రం నిలుస్తుంది. ‘ముందు’ అన్న మాట పాదం నింపడానికే వేశారేమో గాని, అది బంగారమైంది. ఒరిషాలు భూమికి దిగివచ్చినప్పుడు దట్టమైన అడవి అడ్డం రాగా ఎవరి పనిముట్టూ తెగలేదట, ఇనుప కత్తితో ముందు నడిచి దారి కొట్టినవాడు ఓగున్. అందుకే కమ్మరులకూ వేటగాళ్లకూ సైనికులకూ ఉన్న ఈ వేల్పును లారీ డ్రైవర్లూ మెకానిక్కులూ కూడా తమవాడిగా చేసుకున్నారు. న్యాయస్థానంలో పవిత్ర గ్రంథానికి బదులు ఇనుప ముక్క పట్టుకుని ప్రమాణం చేసే ఆచారమూ అక్కడ ఉంది. ఆయుధపూజ నాడు బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టే మనకు ఈ భక్తి అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

కొత్త కలం:
ఇది నా తొలి ప్రయత్నం, మొదటి పాదం మాత్రమే వచ్చింది. తప్పులుంటే మన్నించండి.

మశూచి దేవుఁడు సొపొనా మహిమ పొగడి

నిర్వాహకుడు:
మన్నించవలసినది ఏమీ లేదు, నేర్చుకోవలసినది ఒకటుంది. తేటగీతి సూర్యగణంతో మొదలు కావాలి: గలం (గురువు, లఘువు) గాని, మూడు లఘువులు గాని. ‘మశూచి’ లఘువు, గురువు, లఘువు గనుక జగణమైంది. ఇలా ఎత్తుకోవచ్చు:

స్ఫోటకపు వేల్పు సొపొనానుఁ బొగడి పిదప

ఇక్కడ ‘స్ఫో’లోని ఫకారానికీ ‘బొ’కూ యతి. విషయం మాత్రం మంచిది ఎంచుకున్నారు. సొపొనా పేరును బిగ్గరగా పలకడానికి జంకి, ‘వేడి నేల’ వంటి మారుపేర్లతో చెప్పుకొనేవారు. మన ఇళ్లలో మశూచి అనకుండా ‘అమ్మ పోసింది’ అనడం వంటిదే. బ్రిటిష్ వలస ప్రభుత్వం ఆ ఆరాధనను నిషేధించింది. 1980లో మశూచి ప్రపంచం నుంచి తొలగిపోయినట్లు ప్రకటించారు, వేల్పు మాత్రం మిగిలాడు. అయితే సొపొనా నుంచి మనిషిని మలచడం దాకా మూడు పాదాలలో వంతెన కట్టడం కష్టం, వేరే వేల్పును తీసుకోండి.

గోస్తనీ తీరవాసి:
మరొకటి పంపుతున్నాను. నాలుగు దారుల కూడలిలో ఉండే దూత ఎషు మీద ఇది. ఒక పక్క ఎరుపు, మరొక పక్క నలుపు ఉన్న టోపీ పెట్టుకుని, ఇద్దరు మిత్రుల పొలాల మధ్యగా నడిచి వారికి తగవు పెట్టిన కథ.

ఎఱుపు టోపి యొకండనె నెవఁడొ నల్ల
దనుచు మిత్రులు పోరాడ దారిలోన
నెషువు నవ్వును నిజమేది యెవరి కెఱుక
మద్యమునుఁ గ్రోలి దేవుఁడు మనుజుఁ జేసె

నిర్వాహకుడు:
మొదటి మూడు పాదాలు ఈ వారపు పూరణలన్నిటిలోకీ హాయిగా నడిచాయి, అందుకే నాల్గవ పాదం దగ్గర నిరాశ కలిగింది. టోపీ తగవుకూ కల్లు కథకూ ముడి పడలేదు. ఒక విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. యొరుబా బైబిలు అనువాదంలో సైతానుకు ఎషు పేరు పెట్టడంతో చాలామంది ఆయనను దుష్టశక్తిగా చూడసాగారు. నైవేద్యాలను పైవారికి చేరవేసే దూత ఆయనే గనుక ఏ పూజలోనైనా ముందు ఆయనకు ఇవ్వనిదే పని సాగదు. మీరు ఆయనను నవ్వించి ఊరుకున్నారు, అదే సరైన చిత్రణ.

ఇక నా వంతు. యొరుబా విశ్వాసంలో అజాలా అనే కుమ్మరి తలలు చేసి పెడతాడు, పుట్టబోయే మనిషి వాటిలో ఒకదానిని తానే ఎంచుకుంటాడు. ఆ తలే అతని భాగ్యం. మనది బ్రహ్మ వ్రాసే తలరాత, వారిది మనిషి ఏరుకునే తల. ఏరుకున్నది ఎటువంటిదో పుట్టాక గుర్తుండదు గనుక, పదహారు తాటిగింజల వంటి గింజలతో ఇఫా అనే పద్ధతిలో ప్రశ్న చెప్పే పూజారి బబలావోను ఆశ్రయిస్తారు. 256 ఒదులలో (గింజలు పడే తీరులలో) ఏది పడిందో చూసి, దానికి చెందిన పద్యాలు అతడు కంఠస్థంగా చదువుతాడు.

మట్టితలల నజాలుఁడు మలచి పెట్ట
నెంచుకొని యొక్కటిని బుట్టు నిలకు నరుఁడు
దేహమన్ననో వేఱొక్క దేవు పనియె
మద్యమునుఁ గ్రోలి దేవుఁడు మనుజుఁ జేసె

కోనసీమ కోడలు:
అయ్యా, మాకు పునరుక్తి పాఠం చెప్పిన మీరే ‘దేవు పనియె’ అని, వెంటనే ‘దేవుఁడు’ అన్నారు. పైగా ‘తాటిగింజల వంటి’ అంటూ మళ్లీ తాటిచెట్టే ఎక్కారు. ఇఫా గింజలు కూడా పామాయిల్ చెట్టువే కదా?

నిర్వాహకుడు:
రెండూ నా తప్పులే. గింజల సంగతి మీరన్నట్లే చదువుకోగలరు. మూడవ పాదాన్ని ఇలా సవరిస్తున్నాను, యతి చెడలేదు:

దేహమన్ననో వేఱొక్క దిట్ట పనియె