బీపీ ఉన్న నాన్నగారికి బృహద్ధమని 4.2 సెంటీమీటర్లు ఉందన్నారు

ప్రశ్న (అమలాపురం దగ్గరి నుంచి):
మా నాన్నగారికి 61 ఏళ్లు. పన్నెండేళ్లుగా బీపీ ఉన్నా, తల తిరిగినప్పుడే మాత్ర వేసుకోవడం ఆయన అలవాటు. మోకాలి ఆపరేషన్‌కు ముందు తీసిన ఎకోలో, గుండె నుంచి పైకి వెళ్లే బృహద్ధమని 4.2 సెంటీమీటర్లు ఉందని, కవాటం బాగానే ఉందని రాశారు. ఆ రోజు బీపీ 164/96. నొప్పి, ఆయాసం లేవు. కొబ్బరి దింపు రోజున కాయల బస్తాలు ఇప్పటికీ తానే ఎత్తి ట్రాక్టరులో వేస్తారు. వెంటనే గుండె ఆపరేషన్ చేయించాలా?

జవాబు (గుండె వైద్య విభాగంలో పనిచేసే వైద్యుడు):
ఈ కొలతకు వెంటనే అవసరం లేదు. 4 దాటితే వెడల్పైందంటాము. ఇతర కారణాలు లేనివారికి సాధారణంగా 5.5 దగ్గర ఆపరేషన్ మాట వస్తుంది. మార్ఫాన్ వంటి జన్యువ్యాధి ఉన్నా, కవాటానికి పుట్టుకతో రెండే రెక్కలున్నా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ధమని చీలినా ఇంకా ముందే ఆలోచిస్తారు. కాబట్టి మీ ఇంట్లో హఠాత్తుగా పోయినవారున్నారేమో పెద్దలను అడిగి డాక్టరుగారికి చెప్పండి. గొట్టం వెడల్పయ్యేకొద్దీ అదే బీపీకి దాని గోడ మీద లాగుడు పెరుగుతుంది. తల తిరగకపోయినా రోజూ మాత్ర వేసుకోవలసింది అందుకే. సాధారణంగా 130/80 లోపు ఉంచాలని చూస్తాము. ఎకోలో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కొలిచే చేతిని బట్టి కూడా వస్తుంది గనుక, ఒకసారి సీటీలో సరిచూసుకొని, ఆరు నెలలకో ఏడాదికో అదే పద్ధతిలో మళ్లీ కొలిపించండి.

జవాబు (రాజోలు నుంచి):
నాకు ఆరేళ్ల క్రితం 4.4 ఉండేది, నిరుడు 4.5. మాత్రలు అలవాటయ్యాయి గానీ, ఉప్పు తగ్గించడానికి మాగాయ మానడమే నాకు కష్టమైంది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా లేస్తుందని చెప్పి బస్తాలు మాన్పించారు. కాలువ గట్టు మీద నడక మాత్రం మానవద్దన్నారు. మరో మాట: జ్వరం వస్తే మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి అడిగి కొనకండి. ఆ కుటుంబపు మందుల విషయంలో బృహద్ధమని ఉబ్బినవారు జాగ్రత్తపడాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది.

వైద్యుడు మళ్లీ:
ఆ మందుల మాట నిజమే. ఛాతీలోగానీ వీపులోగానీ చీల్చినట్టు హఠాత్తుగా నొప్పి వస్తే, గ్యాసని సోడా తాగించి కూర్చోబెట్టకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు ఇదంతా నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. బస్తాలు కూలీలకు వదిలేస్తానన్నారు గానీ, కాయలు లెక్కపెట్టే పని మాత్రం ఎవరికీ ఇవ్వరట.