అప్‌డేట్: పల్లీలు పడని బాబుతో హాలోవీన్

మూడేళ్ల బాబుకి పల్లీల ఎలర్జీ, ఆరేళ్ల పాప మాత్రం ట్రిక్ ఆర్ ట్రీట్‌కి (వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడగడానికి) వెళ్లాల్సిందే అంటోంది, డల్లాస్‌లో మాకిదే మొదటి హాలోవీన్ (దయ్యాల వేషాల పండగ), ఏం చేయమంటారని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. వెళ్లొచ్చాం, బాగా జరిగింది.

డ్రెస్సులకి పైసా ఖర్చు కాలేదు. బాబుకి కృష్ణాష్టమి పంచె, నెమలి ఈక, పాప మంత్రగత్తె. మాస్కులు వద్దన్నారుగా, పెట్టలేదు. పక్కింటి పెద్దావిడ వాణ్ణి రాకుమారుడనుకుంది, మేమూ కాదనలేదు. వీడియో కాల్‌లో అమ్మ మాత్రం "సంజెవేళ దయ్యాల వేషాలేంటే!" అంది.

మీరు చెప్పిన నీలి ఆకుపచ్చ గుమ్మడికాయల ఇళ్లు మా వీధిలోనూ ఉన్నాయి. ఆ గుర్తు పెట్టినవాళ్లు తిండి కాకుండా స్టిక్కర్లు, చిన్న బొమ్మలు ఇస్తారు. బాబుకి అవే నచ్చాయి. వరండా లైటు ఆర్పితే రావద్దని అర్థం కాబట్టి ఆ ఇళ్ల జోలికి పోలేదు. ఎపిపెన్ (ఎలర్జీ తీవ్రమైతే వెంటనే ఇచ్చే ఇంజెక్షన్) నా బ్యాగులోనే ఉంది.

అసలు పని ఇంటికొచ్చాకే. దారిలో ఏదీ తిననివ్వకుండా, అన్నీ టేబుల్ మీద పోసి చూశాం. రీసెస్, స్నికర్స్ చాక్లెట్లు సరే, పల్లీలున్నాయని తెలిసినవే. మామూలు ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్ బిళ్లల ప్యాకెట్ మీద కూడా పల్లీలు ఉండొచ్చని రాసుంది! పదార్థాల వివరాలు లేని చిన్న ప్యాకెట్లు, గొంతులో ఇరుక్కునే గట్టి బిళ్లలు కూడా తీసేశాం. అవన్నీ మా ఆయన ఆఫీసుకి పోయాయి. పాప ఇంకా అలిగే ఉంది.