'సంకేతం' అనాలా, 'కబురు' అనాలా?

నేను శ్రీకాకుళంలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. కణాలు ఒకదానికొకటి సమాచారం చేరవేసుకోవడాన్ని తెలుగు పాఠాల్లో 'సంకేత ప్రసారం' అంటాం. ఆ మాటతో వైరస్‌ల గురించి చెప్తే పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు, అంతే. పోయిన వారం ఇంట్లో వాడే మాటే నోటికొచ్చి "ఈ కణం పక్క కణానికి కబురు పెడుతుంది" అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు వెంటనే అడిగాడు: "ఆ కబురు ఎవులెట్టినారు సార్, కణమా, వైరసా?"

పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. 'సంకేతం' అన్నన్నాళ్లూ ఎవరూ అది అడగలేదు.

సంకేతం అంటే గుర్తు, ముందే అనుకున్న ఏర్పాటు. కావ్యాల్లో నాయికా నాయకులు కలుసుకునేది సంకేత స్థలంలో. కబురులో మాత్రం పెట్టేవాళ్లు, తెచ్చేవాళ్లు, అందుకునేవాళ్లు ముగ్గురూ ఉన్నారు. పెళ్లికి "మాకు కబురు పెట్టలేదు" అని అలిగేవాళ్లూ, "పెట్టాం, మీకే అందలేదు" అనేవాళ్లూ మనకు తెలుసు. కబురు దారిలో ఆగిపోవచ్చు. దొంగ కబురు రావచ్చు. వైరస్‌లు చేసేది ఇదే.

మశూచి టీకాగా వాడిన వ్యాక్సీనియా వైరస్‌నే చూడండి. కణాలను పెరగమని చెప్పే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ మన ఒంట్లో ఉంది. అచ్చం దాన్ని పోలినదాన్ని ఈ వైరస్ తాను సోకిన కణం చేత తయారు చేయించి బయటికి వదులుతుంది. పక్క కణాలు అది సొంతవాళ్ల కబురే అనుకుని విభజనకు సిద్ధమవుతాయి. వైరస్ అక్కడికి చేరేసరికి పొయ్యి వెలిగించి, సామాను సర్ది ఉంటుంది.

కబురును అడ్డుకోవడంలోనూ తేడాలున్నాయి. వైరస్ సోకిన కణం చుట్టుపక్కల వాటిని హెచ్చరిస్తూ ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ వదులుతుంది. దీన్ని 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. వ్యాక్సీనియా బి18 అనే ప్రొటీన్‌ను బయటికి పంపి, ఆ ఇంటర్‌ఫెరాన్‌ను దారిలోనే పట్టేస్తుంది. డెంగీ వైరస్ దారి వేరు. కబురు కణం గుమ్మం దాకా వస్తుంది, గుమ్మంలో అందుకుంటారు కూడా. దాన్ని లోపల కేంద్రకానికి చేర్చాల్సిన స్టాట్2 ప్రొటీన్‌ను మాత్రం డెంగీ వైరస్ తన ఎన్‌ఎస్5 అనే ప్రొటీన్‌తో నాశనం చేయిస్తుంది. 'సంకేత నిరోధం' అంటే రెండూ ఒకటే అయిపోతాయి. మన మాటల్లో ఒకటి కబురు అందకపోవడం, రెండోది అందిన కబురు ఇంటి పెద్దకు చెప్పకపోవడం.

ఇక చావు కబురు. కణానికీ అది ఉంటుంది. లోపల తేడా వస్తే పీ53 అనే ప్రొటీన్ ముందు 'ఆగు' అంటుంది, బాగుచేయలేనంత పాడైతే 'చచ్చిపో' అంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌లో 16, 18 రకాలకు తమ డీఎన్‌ఏ నకళ్లు తీసుకోవడానికి కణం సరంజామా కావాలి. కణం విభజన పనిలో ఉంటేనే ఆ సరంజామా దొరుకుతుంది. అందుకని ఈ7 అనే ప్రొటీన్‌తో విభజనకున్న బ్రేకు తీసేస్తాయి. వేళ కాని వేళ మొదలైన ఈ హడావుడికి పీ53 మేలుకుంటుంది. అప్పుడు వైరస్‌దే ఈ6 అనే మరో ప్రొటీన్ దాన్ని ముక్కలు చేయిస్తుంది. చావు కబురు ఇక చేరదు. ఏళ్లు గడిచాక కొందరిలో ఆ చావని కణాలే క్యాన్సర్ అవుతాయి. ఇది చెప్పిన రోజు క్లాసులో ఎవరూ కదల్లేదు.

పెద్దలు చెప్పండి, 'కబురు' పాఠంలో నిలుస్తుందా?

బొబ్బిలి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు పండితులు: మాట బాగుంది మాస్టారూ. అరబీ ఖబర్ నుంచి వచ్చిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. 'కాకితో కబురంపినా వస్తాం' అనేదాకా వచ్చాక అది మనదే. ఇబ్బందల్లా బహువచనంతో. కబురు అంటే వార్త, కబుర్లు అంటే పిచ్చాపాటి. 'కణాల మధ్య కబుర్లు' అని అచ్చు వేస్తే అరుగు మీద కూర్చున్నట్టు ఉంటుంది.

నేను: నిజమే గురువుగారూ, అది నాకు తట్టలేదు. కానీ అంకె చేరిస్తే అర్థం వెనక్కి వస్తోంది. 'నిన్నటి నుంచి మూడు కబుర్లొచ్చాయి' అంటే ఎవరూ పిచ్చాపాటి అనుకోరు. క్రియ కూడా కాపాడుతుంది: కబుర్లు చెప్పుకుంటాం, కబురు పెడతాం. పరీక్ష కోసం 'సంకేతం' కూడా నేర్పుతున్నాను, కానీ అర్థమయ్యాక. వాడుక మాటలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట మా శ్రీకాకుళం జిల్లాలోదే కదా. ఆ ధైర్యంతోనే అడిగాను.

చీపురుపల్లి వైపు పనిచేసే ఒక ఏఎన్‌ఎం: సార్, మేం జ్వరాల సర్వేకి ఇంటింటికీ తిరుగుతాం. నాదీ మీ కుర్రాడి ప్రశ్నే. జ్వరం ఎవరు పెట్టిన కబురు, వైరసా, ఒళ్లా?

నేను: ఒళ్లేనమ్మా. రోగనిరోధక కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్ల వంటి ప్రొటీన్ల కబురు మెదడులోని హైపోథలామస్‌కు చేరితే, అది ఒంటి వేడి పెంచుతుంది. ఇంటర్‌ఫెరాన్‌ను మందుగా ఎక్కించినప్పుడు కూడా జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి, అక్కడ కొత్తగా ఏ వైరసూ సోకకపోయినా.

ఏఎన్‌ఎం: అయితే రేపటి నుంచి ఇలా చెప్తాను సార్. "ఒళ్లు మీకు కబురెట్టింది. అందిన కబురు దాచుకుని ఇంట్లో కూకోకండి, రక్తపరీక్షకు రండి" అని.