ముఖాల కోసం మెదడులో ప్రత్యేకమైన చోటు ఉందా? నాన్సీ కాన్విషర్ పరిశోధనా జీవితం గురించి రెండు సందేహాలు

ప్రశ్న: ఈసీఈ_చివరి_ఏడు

అందరికీ నమస్కారం. నేను ఈసీఈ చివరి సంవత్సరం విద్యార్థిని. ప్రాజెక్టు కోసం ఫొటోల్లో ముఖాలను గుర్తించే ప్రోగ్రాము రాస్తుండగా, ఇదే పనిని మనిషి మెదడు ఎలా చేస్తుందన్న కుతూహలం కలిగి, ఎంఐటీ ఆచార్యురాలు నాన్సీ కాన్విషర్ గారి ఉపన్యాసాలు వినడం మొదలుపెట్టాను. ఒక వీడియోలో ఆమె జుట్టంతా తీయించుకుని, మెదడులో ఏ భాగం ఎక్కడుంటుందో తన బోడితల మీదే గీయించి చూపించారు. అది చూసినప్పటి నుంచి ఈ రంగం మీదికే మనసు పోతోంది.

ఆమెకు ఈ దారి ఎలా దొరికింది, కంటిచూపును స్కానర్‌తో పరిశోధించేవారి జీవితం ఎలా సాగుతుంది అన్నది నా మొదటి సందేహం. ముఖాలకే స్పందించే చోటు ఒకటుందన్న ఆమె వాదనను ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారా అన్నది రెండోది. ఇంట్లో క్యాంపస్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరమంటున్నారు కాబట్టి, వీడియోలు చూసిన మోజులో నిర్ణయం తీసుకోకూడదని అడుగుతున్నాను.

జవాబు: వోక్సెల్

నేను అమెరికాలో ఇదే రంగంలో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తరువాతి పరిశోధకుడిగా పనిచేస్తున్నాను కనుక మీ మొదటి సందేహానికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఆమె దారి తిన్నగా సాగినది కాదు. ఎంఐటీలోనే జీవశాస్త్రంలో డిగ్రీ చేసి, అక్కడే మాలీ పాటర్ గారి దగ్గర 1986లో పీహెచ్‌డీ పూర్తిచేశారు గానీ, ఆ మధ్యలో చదువు మానేద్దామని పలుమార్లు అనుకున్నట్టు ఆమే చెప్పుకున్నారు. అప్పట్లో ఆమె విషయానికీ స్కానర్లకూ సంబంధమే లేదు. తెర మీద మాటలను చాలా వేగంగా ఒకదాని వెంట ఒకటి చూపిస్తే, అదే మాట రెండోసారి వచ్చినప్పుడు మనం దాన్ని గమనించలేకపోతాం; ఆమె మొదట పరిశోధించింది ఈ వింతను. తరువాత కొంతకాలం శాంతి, అంతర్జాతీయ భద్రత అంశాల మీద ఫెలోషిప్‌తో పూర్తిగా వేరే పని చేసి, బర్క్‌లీలో ఆన్ ట్రీస్‌మన్ గారి దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరి, యూసీఎల్‌ఏలోనూ హార్వర్డ్‌లోనూ పాఠాలు చెప్పి, 1997లో మళ్లీ ఎంఐటీకే వచ్చారు.

ఈలోగా మెదడు పనిచేస్తుండగానే చిత్రాలు తీసే ఎఫ్ఎంఆర్ఐ స్కానింగ్ వచ్చింది. మెదడులో పని జరిగే చోటికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా చేరుతుందనీ, ఆ తేడాను అయస్కాంత క్షేత్రంలో పసిగట్టవచ్చనీ సెయిజీ ఒగావా 1990లో ఎలుకల మీద చూపించారు. 1992కల్లా మనుషుల మీద ఫలితాలు వచ్చాయి. హార్వర్డ్‌లో ఉండగా బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి స్కానర్‌ను వాడుకునే అవకాశం కాన్విషర్ గారికి దొరికింది. అంతవరకు ఆమె ముఖాల మీద పనిచేయలేదు. వస్తువులను గుర్తించడమనే పెద్ద ప్రశ్న ముందు ముఖాలు ఒక చిన్న ప్రత్యేక సందర్భమేనని అనుకునేవారట. స్కానర్ సమయం చేజారకముందే ఏదో ఒకటి కచ్చితంగా తేల్చాలన్న తొందరే ఆమెను ముఖాల వైపు నడిపింది.

జాష్ మెక్‌డెర్మాట్, మార్విన్ చున్‌లతో కలిసి 1997లో ప్రచురించిన ఆ వ్యాసాన్ని మీరు తప్పక చదవండి. పాల్గొన్నవారికి ముప్పై సెకన్లలో 45 ఫొటోలు, అంటే ఒక్కొక్కటి సెకనులో మూడింట రెండు వంతుల సేపు, ఒక విడత ముఖాలు, ఒక విడత మామూలు వస్తువులు చూపించారు. 15 మందిలో 12 మందికి మెదడు అడుగుభాగాన, ఎక్కువగా కుడి వైపున, ముఖాలు చూసినప్పుడు మరింత చురుకయ్యే చిన్న ప్రాంతం కనిపించింది. దానికే ఫ్యూసిఫాం ఫేస్ ఏరియా అని పేరు పెట్టారు.

నన్నడిగితే ఆ వ్యాసంలో అసలు పనితనం దీని తరువాతే మొదలవుతుంది. ముఖాల ఫొటోల్లోని వెలుగునీడల వల్లే తేడా వచ్చిందేమో అంటారని, అవే ఫొటోలను ముక్కలుగా కలగాపులగం చేసి చూపించారు. ఒకే రకం వస్తువులను వరసగా చూడటం వల్లనేమో అంటారని, ముఖాలను ఇళ్లతో పోల్చారు. శరీరభాగం ఏదైనా ఇంతేనేమో అంటారని, ఉన్నిటోపీలో జుట్టు దాచి పక్కకు తిరిగిన ముఖాలను చేతుల ఫొటోలతో పోల్చారు. ఏ ఫొటోలూ మరీ తేలికగా అనిపించి ధ్యాస తగ్గకుండా, ముందు వచ్చినదే మళ్లీ వస్తే బటన్ నొక్కమన్నారు. సొంత ఫలితాన్ని ఎన్ని విధాలుగా తప్పుపట్టవచ్చో ముందే ఆలోచించి ఒక్కో ప్రయోగం కట్టడమే ఈ వృత్తిలో రోజువారీ పని. స్కానర్ దగ్గర గడిపేది వారానికి కొన్ని గంటలే.

జవాబు: ఎదురుప్రశ్న

వోక్సెల్ గారు వివరంగా రాశారు గానీ, అవతలి పక్షం వాదన కూడా వినాలి. ఇసబెల్ గోతియే బృందం 1999లో గ్రీబుల్స్ అనే కల్పిత ఆకారాలను గుర్తుపట్టడంలో మనుషులకు తర్ఫీదు ఇచ్చి, నైపుణ్యం వచ్చాక వాటికీ అదే ప్రాంతం స్పందిస్తోందని చూపించింది. అంటే అది ముఖాల చోటు కాదు, బాగా అలవాటైన వస్తువుల మధ్య సన్నని తేడాలు పట్టే చోటు అని వారి వాదన. జేమ్స్ హాక్స్‌బీ 2001లో మరో సంగతి చెప్పారు. ఆ చిన్న ప్రాంతాన్ని పక్కనపెట్టి, మిగిలిన చోట్ల స్పందనల అమరికను బట్టి కూడా మనిషి ముఖాన్ని చూస్తున్నాడో కుర్చీని చూస్తున్నాడో చెప్పవచ్చు. మీరు ఇంజినీరింగ్ విద్యార్థి కనుక ఈ రెండో వాదన మీకు చప్పున అందుతుంది.

అయితే న్యాయంగా చెప్పాలంటే తూకం కాన్విషర్ గారి వైపే మొగ్గింది. డోరిస్ సావో, విన్‌రిక్ ఫ్రైవాల్డ్‌లు 2006లో కోతులలో అలాంటి ప్రాంతంలోకి సన్నని ఎలక్ట్రోడ్లు దించి చూస్తే, చూపుకు స్పందించిన కణాల్లో 97 శాతం ముఖాలనే ఎంచుకున్నాయి. 2012లో స్టాన్‌ఫర్డ్‌లో మూర్ఛవ్యాధి చికిత్సలో భాగంగా ఎలక్ట్రోడ్లు అమర్చిన ఒక రోగికి ఆ ప్రాంతంలో కొద్దిపాటి విద్యుత్తు పంపగానే, ఎదురుగా ఉన్న వైద్యుడి ముఖం మారిపోయి మరెవరిలాగో కనిపించిందట. స్కానర్ చిత్రం ఒక్కటే చేతిలో ఉంటే నేను ఇంకా అనుమానంగానే ఉండేవాణ్ని. కాన్విషర్, సావో, ఫ్రైవాల్డ్ ముగ్గురికీ కలిపి 2024లో కావ్లీ బహుమతి ఇచ్చారు. అయినా ఆ ప్రాంతం ముఖాన్ని ఏ లెక్కతో పోలుస్తుందన్నది ఇప్పటికీ తేలని ప్రశ్నే.

జవాబు: మెట్టెలు_తీయండి

నా పేరు చూసి నవ్వుకోకండి. బెంగళూరులో రెండేళ్లు రీసెర్చ్ అసిస్టెంటుగా చేసినప్పుడు నా ముఖ్యమైన పని అదే. స్కానర్ గదిలోకి లోహం పోకూడదు కనుక వచ్చినవారి మొలతాడు బిళ్లలు, తాయెత్తులు, పట్టీలు అన్నీ విప్పించాలి. ఒకావిడకు మెట్టెలు ఎంతకూ రాకపోతే సబ్బునీళ్లతో తీశాము. ఆపైన తల కదలకుండా చుట్టూ స్పాంజి ముక్కలు కుక్కి, భయమేస్తే నొక్కడానికి చేతిలో రబ్బరు బుడ్డి పెట్టి, కళ్లకు పైన చిన్న అద్దం అమర్చి, అందులో తెర కనబడుతోందా అని అడగాలి. గంటసేపు తల కదపకుండా పడుకున్న మనిషి నిద్రపోతే ఆ డేటా అంతా వృథా.

మన దేశం నుంచి దారి లేకపోలేదు. ఎన్. అపూర్వ రతన్ మూర్తి గారు బెంగళూరు ఐఐఎస్‌సీలో పీహెచ్‌డీ చేసి, తరువాత కాన్విషర్ గారి దగ్గర చేరారు. పుట్టుకతో చూపు లేనివారు 3డీ ప్రింటర్‌తో చేసిన ముఖాలను చేత్తో తడిమినప్పుడు కూడా అదే ప్రాంతం స్పందిస్తుందని వారి బృందం 2020లో చూపించింది. ముఖాలను ఒక్కసారైనా కళ్లతో చూడనివారిలో కూడా ఆ చోటు ఏర్పడుతోందంటే, పై జవాబులోని అలవాటు వాదన నిలబడటం కష్టమే.

మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం (ఎన్‌బీఆర్‌సీ), హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం కూడా చూడండి.

ఈసీఈ_చివరి_ఏడు

అందరికీ కృతజ్ఞతలు. మా కాలేజీలో స్కానర్ కాదు గదా, ఆ విషయం తెలిసినవారు కూడా లేరు. ఉద్యోగంలో చేరినా సాయంత్రాలు మొదలుపెట్టగలిగే పని ఏదైనా ఉందా?

జవాబు: వోక్సెల్

ఉంది. మిన్నెసోటాలో ఎనిమిది మందిని 7 టెస్లా (అయస్కాంత శక్తికి కొలత) స్కానర్‌లో ఒక ఏడాది పాటు, ఒక్కొక్కరిని 30 నుంచి 40 సార్లు, వేల ఫొటోలు చూపిస్తూ తీసిన నేచురల్ సీన్స్ డేటాసెట్‌ను ఉచితంగా ఇస్తున్నారు. ఆహారపు ఫొటోలకు స్పందించే ప్రాంతం ఒకటుందని 2022లో కాన్విషర్ గారి బృందం కనిపెట్టింది కూడా కొత్తగా ఎవరినీ స్కాన్ చేయకుండా, ఈ డేటాతోనే. పైథాన్ వస్తుంది కనుక ముందు ఒక్క మనిషి డేటా దించుకుని, ముఖాలున్న ఫొటోలకూ లేనివాటికీ మధ్య తేడా చూపే వోక్సెళ్లు (స్కాన్ చిత్రంలోని చిన్న చిన్న ఘనాలు) ఎక్కడున్నాయో గుర్తించండి. ఎడమ, కుడి తారుమారు కావడం అందరూ చేసే మొదటి పొరపాటు. అది చూసుకుని ఫలితాన్ని ఇక్కడ పెట్టండి.