ఆర్‌ఎల్‌క్యూ (పొట్ట కుడివైపు కింది భాగం) టెండర్‌నెస్: ఐసీడీ-10-సీఎం (అమెరికా మెడికల్ బిల్లింగ్‌లో వాడే జబ్బుల, లక్షణాల కోడ్‌లు)లో ఆర్10.31 వేయాలా, ఆర్10.813 వేయాలా?

ప్రశ్న: అమెరికా ఈడీ (ఎమర్జెన్సీ విభాగం) చార్ట్, పేషెంట్‌ని అదేరోజు పంపేశారు. హిస్టరీలో కుడివైపు పొత్తికడుపు నొప్పి, ఎగ్జామ్‌లో ఆర్‌ఎల్‌క్యూ టెండర్‌నెస్. ఇంప్రెషన్ (డాక్టర్ అంచనా) "ప్రాబబుల్ అపెండిసైటిస్", అంటే బహుశా అపెండిక్స్ వాపు. అక్యూట్ అపెండిసైటిస్ కోడ్ కే35.80 వేయొచ్చాండీ?

జవాబు 1: వద్దండీ. ఔట్‌పేషెంట్‌లో "ప్రాబబుల్", "రూల్ ఔట్" (ఆ జబ్బు కాదని తేల్చుకోవాలి) అని రాసిన జబ్బుని కోడ్ చేయకూడదు. లక్షణమే కోడ్ చేయాలి. నొప్పి పేషెంట్ చెప్పేది, ఆర్10.31. టెండర్‌నెస్ డాక్టర్ నొక్కినప్పుడు తేలేది, ఆర్10.813. నెమ్మదిగా నొక్కి చటుక్కున వదిలినప్పుడు నొప్పి పెరిగితే రీబౌండ్, ఆర్10.823. కానీ "రీబౌండ్" అని డాక్టర్ రాసి ఉండాలి, మనం ఊహించకూడదు.

జవాబు 2: ఎక్కువ తప్పులు ఇక్కడే: "అబ్డామెన్ టెండర్" అని మాత్రమే రాస్తే చోటు తెలియక ఆర్10.819కి పోతుంది. డాక్టర్‌కి క్వెరీ పంపి క్వాడ్రంట్ (పొట్ట నాలుగు భాగాల్లో ఏదో) అడగండి. ఆర్‌ఎల్‌క్యూలో పొట్ట బిగుసుకుపోయిందని రాస్తే అది రిజిడిటీ, ఆర్19.33, టెండర్‌నెస్‌లో కలపకండి. అపెండిసైటిస్ ఖరారైతే ఈ లక్షణాల కోడ్‌లు తీసేయాలి.