చెన్నైలో ఎం.ఏ. ఫిలాసఫీ: జూలై నుంచి ఏప్రిల్ దాకా ఏడాది ఎలా నడుస్తుంది?

సూళ్లూరుపేట ప్యాసింజర్:

నమస్తే అండీ. మా చెల్లికి చెన్నైలో ఎం.ఏ. ఫిలాసఫీ సీటు వచ్చింది. డిగ్రీ తెలుగు మీడియం, చరిత్ర, రాజనీతి, ఎకనామిక్స్. సిలబస్ కాగితం చేతిలో ఉంది గానీ పేపర్ల పేర్లు తప్ప అందులో ఇంకేం తెలియడం లేదు. ఏ నెలలో దేని మీద ఒత్తిడి పడుతుంది? డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) రెండో ఏడాదిలోనే కదా, దాని గురించి ముందే ఆలోచించాలా? సంస్కృతం రాకపోతే భారతీయ దర్శనాల పేపర్లు గట్టెక్కుతాయా? నెట్ (లెక్చరర్ అర్హతకు జాతీయ స్థాయిలో పెట్టే పరీక్ష) పక్కపక్కనే చదవొచ్చా? "శ్రద్ధగా చదవమను" లాంటి సలహాలకు మా ఇంట్లో కరువు లేదు. పని ఎలా జరుగుతుందో చెప్పండి చాలు.

చేపాక్ నీడ:

ప్యాసింజర్ గారూ, పరీక్షలు నవంబరులో కదా అని చాలామంది చదువంతా అక్టోబరుకి దాచిపెడతారు. చెన్నైలో అక్టోబరును నమ్ముకోకూడదు. ఈశాన్య ఋతుపవనం ఆ నెల మధ్యలో దిగుతుంది, ఆయుధపూజ, దీపావళి ఆ చుట్టుపక్కలే వస్తాయి, వాన గట్టిగా పట్టుకుంటే కలెక్టరు సెలవు ప్రకటిస్తారు. పోయిన క్లాసులను చివరి వారాల్లో గంటకు రెండు టాపిక్కుల చొప్పున లాగించేస్తారు. అంచేత జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉన్నదే అసలు సెమిస్టర్ అనుకోవాలి.

జూలైలో ఎవరూ ఏమీ అడగరు. ఆ వెసులుబాటులోనే ఒక్కో పేపరుకు మూలగ్రంథంలో ఒక్కో భాగం ఎంచుకోవాలి. భాగం అంటే ఇరవై పేజీలు, పుస్తకం మొత్తం కాదు. డెకార్ట్ అయితే మొదటి రెండు మెడిటేషన్లు. శంకరులైతే బ్రహ్మసూత్ర భాష్యానికి ముందుండే అధ్యాస భాష్యం (అధ్యాస అంటే ఒకదాని మీద మరోదాన్ని ఆరోపించుకోవడం), అచ్చులో కొద్ది పేజీలే. గంటకు నాలుగైదు పేజీలు మించి కదలడం లేదంటే సరిగ్గానే చదువుతున్నట్టు లెక్క. చదివేటప్పుడు ప్రతి పేరా పక్కన పెన్సిలుతో ఒక్క అక్షరం రాయమనండి: పూర్వపక్షమైతే (ఖండించడానికి ఎత్తిన ఎదుటివాడి వాదం) "పూ", సిద్ధాంతమైతే (గ్రంథకర్త సొంత వాదం) "సి". భాష్యాల్లో "నను", "ఇతి చేత్" కనబడితే మాట్లాడేది ఎదుటివాడు. "ఉచ్యతే" నుంచి జవాబు. ఈ గుర్తు పెట్టుకోక, శంకరులు ఖండించడానికి ఎత్తిన వాదాన్నే శంకరుల వాదంగా పరీక్షలో రాసేవాళ్లు ఏటా ఉంటారు. పాశ్చాత్య గ్రంథాలకీ ఇదే చిట్కా. ప్లేటో సంభాషణల్లో ఎవరి నోట వచ్చిన మాటో చూడకుండా "ప్లేటో చెప్పాడు" అనేస్తే మార్కులు పోతాయి.

సెప్టెంబరులో సెమినార్ పేపర్లు. పావుగంట ఇస్తారు. ఇంగ్లీషులో తాపీగా చదివితే నిమిషానికి 120 మాటలు, అంటే 1800 మాటలు మించకూడదు. జరిగేదేమిటంటే, పది పన్నెండు పేజీలు పట్టుకొస్తారు, అందులో మొదటి మూడు పేజీలు ఆ తత్త్వవేత్త పుట్టిన ఊరూ గురువుల పేర్లూ. పన్నెండో నిమిషంలో అధ్యక్షులు చీటీ పంపిస్తారు, చెప్పదలచుకున్నది నోట్లోనే ఉండిపోతుంది. వాదం మొదటి పేరాలోనే రావాలి. తర్వాత దానికి ఆధారమైన వాక్యం, దాని మీద వచ్చే అతి బలమైన ఆక్షేపణ, దానికి జవాబు. అంతే. ఆ మూలవాక్యాన్ని ఒక కాగితం మీద అచ్చు వేసి అందరికీ పంచితే ప్రశ్నలు ఊరి మీద పోకుండా దాని మీదే వస్తాయి.

ఇంకొకటి, పేజీ నంబర్లు. లైబ్రరీలో ఉన్న ముద్రణ, టీచర్ దగ్గరున్న ముద్రణ, ఫోన్లో దిగిన పీడీఎఫ్ మూడూ వేర్వేరు. అందుకే ఏ ముద్రణలోనైనా మారని సంఖ్యలు వాడతారు: ప్లేటోకి స్టెఫానస్ సంఖ్యలు (1578 ముద్రణవి), అరిస్టాటిల్‌కి బెకర్ సంఖ్యలు, కాంట్ మొదటి క్రిటిక్‌కి (క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్) ఏ/బీ పేజీలు (1781, 1787 ముద్రణలు), బ్రహ్మసూత్రాలకు అధ్యాయం, పాదం, సూత్రం సంఖ్య ఇస్తారు. నోట్సు రాసే మొదటి రోజు నుంచే ఇవి వేసుకుంటే మార్చిలో రాత్రిళ్లు కూర్చుని వెతుక్కునే పని ఉండదు.

నవంబరు మూడో గురువారం ప్రపంచ తత్త్వశాస్త్ర దినోత్సవం. 2002లో యునెస్కో మొదలుపెట్టింది. దీనికి భారతీయ తత్త్వశాస్త్ర పరిశోధన మండలి డిపార్ట్‌మెంట్లకు నిధులిస్తుంది. సరిగ్గా పరీక్షల మధ్యలో పడుతుంది, పైగా వానలు. విద్యార్థుల పేపర్లు పెడితే సంక్షిప్తం అక్టోబరులోనే ఇచ్చేయాలి. మొదటి ఏడాది వాళ్లు ఆ రోజు కుర్చీలు వేసే పనికే పరిమితమైనా ఫరవాలేదు, పరీక్ష ముఖ్యం.

పంచావయవం:

పై జవాబుతో ఏకీభవిస్తూ, డిసర్టేషన్ సంగతి చెప్తాను. ముందే ఆలోచించాలి. మొదటి ఏడాది వేసవి సెలవుల్లో విషయం, రెండో ఏడాది ఆగస్టులో రెండు పేజీల ప్రణాళిక, అక్టోబరు లోపు మూలగ్రంథం నోట్సు పూర్తి, పొంగల్ సెలవుల తర్వాత ఒక అధ్యాయం చిత్తుప్రతి గైడ్ చేతిలో, మార్చి మధ్యకు మొత్తం. గైడ్ చదివి వెనక్కివ్వడానికి రెండు వారాలు పడుతుందని వేసుకోండి, ఎందుకంటే మార్చిలో ఆయన బల్ల మీద ఇలాంటివి ఇంకా నాలుగుంటాయి. సవరణలయ్యే దాకా స్పైరల్ బైండింగే. అట్ట బైండింగ్ ముందే చేయించి తర్వాత పేజీలు మార్చాలంటే డబ్బు దండగ.

సాధారణంగా చెడేది విషయం దగ్గరే. "అద్వైతంలో మాయ" అని పెడతారు. అది ఒక జీవితకాలపు పని. దాన్ని ఎలా కుదించాలో చూడండి. మాయ నుంచి అధ్యాసకు రండి. అధ్యాస నుంచి అధ్యాస భాష్యంలోని ఒకే ఆక్షేపణకు రండి: ఆరోపం జరగాలంటే ఎదుట విషయంగా (అంటే తెలుసుకోబడేదిగా) ఒక వస్తువుండాలి, ముత్యపు చిప్ప ఎదురుగా ఉంటేనే వెండి అనుకుంటాం. ఆత్మ విషయం కాదు గదా, దాని మీద ఆరోపం ఎలా? శంకరులు రెండు జవాబులిస్తారు. ఆత్మ బొత్తిగా అవిషయమేమీ కాదు, "నేను" అనే ప్రత్యయానికి (భావానికి) విషయమవుతుంది. రెండోది, ఎదుట ఉన్నదాని మీదే ఆరోపం జరగాలన్న నియమం లేదు, కంటికి కనబడని ఆకాశం మీద కూడా అవివేకులు అడుగునూ మాలిన్యాన్నీ ఆరోపిస్తారు. ఈ రెండు జవాబుల్లో ఏది బలమైంది, రెండోది ఉంటే మొదటిది అక్కర్లేదా? ఇంతే డిసర్టేషన్. అరవై పేజీలకు నిండుగా సరిపోతుంది, వైవాలో (మౌఖిక పరీక్షలో) అడిగే ప్రతి ప్రశ్నా మీకు తెలిసిన రెండు మూడు పేజీల లోపలే ఉంటుంది.

"శంకరులు, కాంట్: తులనాత్మక పరిశీలన" జోలికి మాత్రం వెళ్లొద్దు. పని రెట్టింపు, ముగింపు ప్రతిసారీ ఒకటే: కొన్ని పోలికలున్నాయి, కొన్ని భేదాలున్నాయి.

సంస్కృతం: పరీక్ష గట్టెక్కడానికి అనువాదాలు చాలు. డిసర్టేషన్ భారతీయ దర్శనంలో అయితే కనీసం ఆ కొద్ది పేజీల మూలాన్ని పదం పదం విడదీయగలగాలి. తెలుగువాళ్లకు ఇక్కడో సౌకర్యం ఉంది, అది చాలామందికి తట్టదు. 1854లో ఈ ఊళ్లోనే మొదలైన వావిళ్ల వారు సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలో అచ్చు వేశారు. పాత లైబ్రరీల్లో ఉంటాయి. దేవనాగరి నేర్చుకునే దాకా ఆగక్కర్లేదు. ప్రమాణాల (జ్ఞానం కలగడానికి ఒప్పుకునే ఆధారాల) జాబితా లాంటివైతే తెలుగు మీడియం వాళ్లకే సులువు: చార్వాకులకు ప్రత్యక్షం ఒక్కటే, బౌద్ధులకూ వైశేషికులకూ రెండు, సాంఖ్యులకు మూడు, నైయాయికులకు నాలుగు, మీమాంసకుల్లో ప్రాభాకరులకు ఐదు, భాట్టులకూ, అలాగే అద్వైతులకూ ఆరు. మాటలన్నీ చిన్నప్పటి నుంచి విన్నవే.

వెన్ వలయం:

తులనాత్మకం వద్దే వద్దంటే ఒప్పుకోను. సమస్య ఒక్కటై, రెండు వైపులా ఒక్కో పేరా మాత్రమే తీసుకుంటే బాగా వస్తుంది. మనుషుల్ని పోల్చకూడదు, వాదాల్ని పోల్చాలి. ఉదాహరణకు న్యాయ దర్శనంలో ఒక వాదానికి ఐదు అవయవాలు (ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం) ఉంటే అరిస్టాటిల్‌కి మూడు వాక్యాలే ఎందుకు సరిపోయాయి అన్నది చక్కని విషయం.

నేను రాయాలనుకున్నది లాజిక్ గురించి. హ్యుమానిటీస్ నుంచి వచ్చినవాళ్లు దీన్నే చివరికి తోస్తారు, నవంబరులో ఇదే ముంచుతుంది. మిగతా పేపర్లలా ఒక రాత్రి చదివితే రాదు, రోజూ అరగంట చేత్తో లెక్క వేయాలి. ఎక్కడెక్కడ జారుతారో చెప్తాను.

సత్యపట్టికలో (వాక్యాల నిజం, అబద్ధాల కూర్పులన్నీ రాసే పట్టికలో) చరాలు మూడైతే 8 వరుసలు, నాలుగైతే 16. వరుసలు ఇష్టమొచ్చినట్టు నింపితే ఒకటి రెండు తప్పిపోతాయి. మొదటి నిలువుగడిలో సగం నిజం, సగం అబద్ధం, తర్వాతి దానిలో పావు పావు, ఆఖరిదానిలో ఒకటి విడిచి ఒకటి. ఈ పద్ధతి మారకూడదు. "ప అయితే ఫ" అన్నది ప నిజమై ఫ అబద్ధమైన ఒక్క వరుసలోనే అబద్ధం. ప అబద్ధమైతే మొత్తం నిజం కావడం మొదట్లో ఎవరికీ మింగుడుపడదు. దానితో వాదన పెట్టుకోక అభ్యాసం చేయమనండి, కారణం రెండో సెమిస్టరులో అర్థమవుతుంది.

సిలజిజంలో (రెండు వాక్యాల నుంచి మూడోది తేల్చే వాదంలో) మొత్తం 256 రూపాలు. చెల్లేవి సంప్రదాయ లెక్కలో 24, ఆధునిక లెక్కలో 15. మిగిలిన 9 ఎక్కడ పోయాయన్నది తప్పకుండా అర్థం చేసుకోవాలి. "అందరూ" అన్న వాక్యం అలాంటివాళ్లు ఉన్నారని హామీ ఇస్తుందా లేదా అన్నదాని మీద ఆ 9 ఆధారపడతాయి. వెన్ చిత్రంలో (వాదాన్ని వలయాలతో గీసే బొమ్మలో) "అందరూ" వాక్యానికి గీతలు కొడతాం, "కొందరు" వాక్యానికి ఇంటూ గుర్తు పెడతాం. గీతలు ముందు, గుర్తు తర్వాత. తిరగేసి చేస్తే గుర్తు ఏ గదిలో పడాలో తేలక గీత మీద పెట్టేస్తారు.

న్యాయ దర్శనం పేపరులో హేత్వాభాసలు (హేతువులా కనబడే తప్పుడు హేతువులు) ఐదు: సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. నిర్వచనాలు బట్టీ పట్టడం కన్నా ఒక్కో దానికి రెండు ఉదాహరణలు సొంతంగా కట్టడం మేలు. "కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కాబట్టి" సరే. "కొండ మీద పొగ ఉంది, నిప్పుంది కాబట్టి" చెల్లదు, ఎర్రగా కాలిన ఇనుములో నిప్పుంటుంది, పొగ ఉండదు. తడి కట్టెలు ఉపాధి, అంటే నిప్పుకు పొగ తోడవ్వాలంటే ఉండాల్సిన అదనపు షరతు. ఇది చెప్పగలిగితే వ్యాప్తి (హేతువున్న ప్రతిచోటా రుజువు చేయాల్సిందీ ఉంటుందన్న నియమం) అర్థమైనట్టే.

నెట్ విషయం. ఫైనల్ ఇయర్‌లో ఉండగానే రాయొచ్చు. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, ప్రశ్నకు 2 మార్కులు, మొత్తం మూడు గంటలు, తప్పుకు కోత లేదు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. తెలుగు మీడియం వాళ్లకు అదొక్కటే అడ్డంకి, పారిభాషిక పదాల పట్టిక మొదటి సెమిస్టరులోనే రాసుకోవాలి. సిలబస్ పది యూనిట్లు, ఎం.ఏ. పేపర్లతో చాలావరకు కలిసిపోతుంది. తేదీల మీద మాత్రం మరీ భరోసా వద్దు. 2024లో జూన్ 18న పరీక్ష పెట్టి మర్నాడే రద్దు చేశారు, మళ్లీ ఆగస్టు, సెప్టెంబరుల్లో జరిపారు. జూన్‌లో నెట్, జూలైలో పీహెచ్‌డీ అని బిగుతుగా ప్లాన్ వేసుకున్నవాళ్లకు ఆ ఏడాది గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.

సూళ్లూరుపేట ప్యాసింజర్:

అందరికీ ధన్యవాదాలండీ. "పూ", "సి" గుర్తులు మా చెల్లికి అప్పుడే పంపేశాను. ఇంకో రెండు. చెన్నైలో ఈ సబ్జెక్టుకి ఏ లైబ్రరీలు పనికొస్తాయి? నెట్‌తో నేరుగా పీహెచ్‌డీలో చేరొచ్చంటున్నారు, నిజమేనా?

మైలాపూర్ మెట్లు:

లైబ్రరీ విషయంలో చెన్నై విద్యార్థి అదృష్టవంతుడండి. మద్రాసు యూనివర్సిటీ ఫిలాసఫీ శాఖ 1927 నాటిది, 1964లో యూజీసీ దాన్ని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది, తర్వాత రాధాకృష్ణన్ పేరు పెట్టారు. అద్వైతం మీద అక్కడ తరాల పని జరిగింది. డిసర్టేషన్ విషయం తేల్చుకునే ముందు అక్కడి పాత సిద్ధాంత గ్రంథాల జాబితా ఒకసారి తిరగేస్తే ఏది ఇప్పటికే అయిపోయిందో తెలుస్తుంది. అదే యూనివర్సిటీలో వైష్ణవం, శైవసిద్ధాంతం, జైన అధ్యయనాల శాఖలు విడిగా ఉన్నాయి. విశిష్టాద్వైతం మీద సందేహం వస్తే పక్క శాఖ తలుపు తట్టొచ్చు, ఈ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు.

ముద్రిత సంస్కృత గ్రంథాలకు అడయార్ లైబ్రరీ (1886), మైలాపూర్ సంస్కృత కళాశాల ఆవరణలోని కుప్పుస్వామి శాస్త్రి పరిశోధనా సంస్థ. కూర్చుని చదువుకోవడానికి కోటూరుపురం అన్నా శతాబ్ది గ్రంథాలయం. పాత సంస్థలకు వెళ్లేటప్పుడు డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద పరిచయ పత్రం, గుర్తింపు కార్డు జిరాక్సు పట్టుకెళ్లాలి. ఏ పుస్తకం కావాలో పేరు, కర్త, సంపాదకుడు, ముద్రణ సంవత్సరం రాసుకుని వెళ్లాలి. "అద్వైతం మీద ఏమున్నాయి" అని అడిగితే అక్కడివాళ్లు మర్యాదగా క్యాటలాగు చూపించి ఊరుకుంటారు.

పీహెచ్‌డీ: నిజమే. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాలు మూడు తరగతులు. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే ప్రవేశం ఇంటర్వ్యూతో. మిగతా రెండు తరగతుల వాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ, ఆ మార్కులు ఒక ఏడాదే చెల్లుతాయి. 2022 నిబంధనల ప్రకారం గైడ్‌గా ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించకూడదు. ఫిలాసఫీ శాఖలు చిన్నవి, ఒక్కోసారి మార్కులున్నా ఖాళీ ఉండదు. అందుకని ఎం.ఏ. రెండో ఏడాది జనవరిలోనే ఎవరి దగ్గర ఎప్పుడు ఖాళీ వస్తుందో ఆఫీసులో కనుక్కోమనండి. అడిగితే చెప్తారు.